సౌందర్య శస్త్రచికిత్సకు విదేశయాత్ర: ముందుగా ఆలోచించవలసినది తిరిగి వచ్చిన రోజుల గురించి

(ప్రసంగ పాఠం)



ఈ చిక్కపేటలో పట్టుచీర కొనడానికి వచ్చినవారు ఒక్క చూపుతో కొని వెళ్లరు. మడత విప్పించి అంచూ పమిటచెంగూ చూస్తారు. దుకాణం దీపాల కింద మెరిసే రంగు పగటి వెలుగులో ఎలా ఉంటుందోనని గుమ్మం దాకా తెచ్చి చూస్తారు. జరీ అసలుదేనా, రంగు దిగితే పూచీ ఎవరిది అని అడుగుతారు. అంతటి మెలకువ గలవారే జీవితాంతం వెంట ఉండే ముఖాన్నీ దేహాన్నీ మాత్రం ఫోనులో కనబడిన రెండు ఫొటోలను నమ్మి పరదేశపు వైద్యుని చేతిలో పెట్టడం నేడు జరుగుతున్నది. జుట్టు నాటించుకోవడానికి ఇస్తాంబుల్, ముక్కూ దవడా తీర్చిదిద్దించుకోవడానికి సియోల్, కొవ్వు తీయించుకోవడానికి బ్యాంకాక్ వెళ్లేవారున్నారు. అమెరికాలోనో గల్ఫ్ దేశాలలోనో స్థిరపడి, ఇంటి పెళ్లికి వచ్చినప్పుడు చీరల కొనుగోలుతో పాటు చికిత్సను కూడా బెంగళూరులోనే ముగించుకొని విమానం ఎక్కే బంధువులూ ఉన్నారు. దారులు వేరైనా ఈ ఇరువురికీ కావలసిన జాగ్రత్త ఒకటే.

రూపాన్ని సరిదిద్దుకోవాలనుకోవడం తప్పు కాదు, కొత్తా కాదు. సుశ్రుత సంహితలోనే తెగిన ముక్కును తిరిగి నిర్మించే విధానం ఉంది. మైసూరు రాజ్యంతో జరిగిన 1792 నాటి యుద్ధంలో ఆంగ్ల సేన వెంట ఎడ్లను తోలిన కావస్జీ అనే మరాఠా టిప్పు సేనకు బందీగా చిక్కి ముక్కునూ ఒక చేతినీ కోల్పోయాడు. తరువాత పుణే ప్రాంతపు ఒక చికిత్సకుడు అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చాడు. ఆ విధానాన్ని లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ 1794 అక్టోబరులో బొమ్మతో సహా ప్రచురించింది. దానివల్ల ప్రేరితుడైన జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు ఆ పద్ధతిని అనుసరించి, 1816లో గ్రంథం వెలువరించాడు. ఆ పత్రికా కథనంలో నేటివారు గమనించవలసిన సంగతి ఒకటుంది. రోగి అయిదారు రోజులు వెల్లకిల పడుకొనే ఉండాలి. నుదుటిని ముక్కుతో కలిపే చర్మపు బంధాన్ని దాదాపు ఇరవై అయిదో రోజున గాని తెంపరాదు. కోత ఒక పూట పని, మానడం వారాల పని అన్న సత్యం ఆనాటికే తెలిసినదే.

నేటి ప్రయాణ ప్యాకేజీలలో విమానం టికెట్టు, హోటలు గది, శస్త్రచికిత్స, ఊరు చూపించే కారు అన్నీ ఉంటాయి. తిరిగి వచ్చిన పదిహేనో రోజున జ్వరం వస్తే ఎవరు చూస్తారన్నది మాత్రం వాటిలో ఉండదు. కనుక యాత్రకు ప్రణాళిక వేసుకొనేవారు బయలుదేరే తేదీతో కాక, తిరిగి వచ్చిన తరువాతి వారాలతో ఆలోచన మొదలుపెట్టాలి.

తెలుగు ప్రేక్షకులకు 2001 నాటి ‘నువ్వు నాకు నచ్చావ్’ చిత్రంతో ఆత్మీయురాలైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూశారు. సుమారు ఆరు వారాల ముందు ఆమె కొవ్వు తొలగించే చికిత్స చేయించుకున్నారనీ, తరువాత ఊపిరి ఆడక బాధపడ్డారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. 2022 మేలో ఈ బెంగళూరు నగరంలోనే ఇరవై ఒక్క ఏళ్ల టెలివిజన్ నటి కొవ్వు తీయించుకోబోయి ప్రాణం కోల్పోయింది. కన్నవారికి తెలియకుండానే ఆమె చికిత్సకు వెళ్లినట్టు వార్తలు వచ్చాయి. ఈ మరణాలకు బాధ్యులెవరో నిర్ణయించడం ఇక్కడ ఉద్దేశం కాదు. చిన్న పని అనుకున్నది చిన్నది కాకపోవచ్చునని, రహస్యంగా వెళ్లినవారికి ఆపదలో పక్కన మనిషి ఉండకపోవచ్చునని గ్రహిస్తే చాలు.

మొదటి మెట్టు సొంత ఊరిలోనే ఉంది. రక్తపోటు, మధుమేహం, రక్తహీనత, గుండె పరిస్థితి, వాడుతున్న మందులు అన్నీ ఇక్కడి వైద్యునికి చూపించి, శరీరం మత్తుమందుకు, కోతకు తట్టుకోగలదో లేదో తెలుసుకోవాలి. అమెరికాలో డోండా వెస్ట్ అనే విద్యావేత్త 2007లో సౌందర్య చికిత్స జరిగిన మరునాడే మరణించిన తరువాత, ముందస్తు శరీర పరీక్ష లేనిదే ఇటువంటి శస్త్రచికిత్స చేయరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2009లో ఆమె పేరిట చట్టం చేసింది. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగాకు వల్ల రక్తప్రసరణ తగ్గి గాయం త్వరగా మానదు. తుంటి భాగంలోకి కొవ్వు ఎక్కించే శస్త్రచికిత్సలో మరణాలు మూడు వేలలో ఒకటి దాకా ఉండవచ్చునని అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు హెచ్చరించాయి. చవకగా వస్తున్నదని రెండు మూడు శస్త్రచికిత్సలను ఒకే రోజున చేయించుకోవడం వల్ల ప్రమాదం పెరుగుతుంది.

రెండవది, కత్తి పట్టేది ఎవరన్న ప్రశ్న. దక్షిణ కొరియాలో 2016లో దవడ శస్త్రచికిత్స తరువాత ఒక యువకుడు అధిక రక్తస్రావంతో మరణించాడు. పేరు ఒకరిది, చేయి మరొకరిది అన్న ఆందోళన దేశమంతా వ్యాపించింది. ఫలితంగా రోగి స్పృహ తప్పి ఉండే శస్త్రచికిత్సలు జరిగే గదులలో 2023 సెప్టెంబరు 25 నుంచి సీసీ కెమెరాలు తప్పనిసరి అయినవి. కోరితే చికిత్సను రికార్డు చేయించుకొనే హక్కు రోగికి ఉంది. టర్కీలో విదేశీ రోగులను చేర్చుకొనే ఆస్పత్రికి ఆ దేశ ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనుమతి పత్రం ఉండాలి. బెంగళూరులో చేయించుకొనే బంధువులైతే, 2007 నాటి కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద క్లినిక్కు నమోదైనదో లేదో, వైద్యుని పేరు వైద్య మండలి జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. యూట్యూబు చూసి నేర్చినది శిక్షణ కాజాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. శస్త్రవైద్యుని పేరు, మత్తు ఇచ్చే వైద్యుని పేరు, అత్యవసర చికిత్సకు ఐసీయూ ఉన్నదీ లేనిదీ రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. సమ్మతి పత్రం తనకు తెలిసిన భాషలో లేనిదే సంతకం పెట్టరాదు.

మూడవది, విశ్రాంతి దినాల లెక్క. శస్త్రచికిత్స తరువాత దీర్ఘ విమానయానంలో కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఛాతీ లేదా పొట్ట శస్త్రచికిత్స తరువాత కనీసం పది రోజులు, ముఖానికి చేసిన చికిత్స తరువాత ఏడు నుంచి పది రోజులు విమానం ఎక్కరాదన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రచురించిన సలహా. టికెట్టు తేదీ మార్చుకొనే వీలున్నది కొనడం మేలు. ఆ రోజులలో ఈత, మద్యం, ఎండలో తిరుగుడు పనికిరావు. విహారయాత్రనూ చికిత్సనూ కలపదలచినవారు విహారాన్ని ముందే ముగించుకోవాలి.

నాలుగవది, ఆలస్యంగా బయటపడే సంక్రమణ. మెక్సికోలోని మటమోరోస్ పట్టణంలో వెన్నులో మత్తు ఇచ్చి సౌందర్య చికిత్సలు చేసిన క్లినిక్కుల నుంచి 2023లో శిలీంధ్రం సోకి, మెదడు పొరల వాపుతో పలువురు మరణించారు. వారిలో అమెరికా నుంచి వెళ్లినవారున్నారు. కొన్ని రకాల సూక్ష్మజీవులు వారాలు, నెలలు గడిచాక గాని బయటపడవు. కాబట్టి తిరిగి వచ్చిన తరువాత జ్వరం, తగ్గని తలనొప్పి, గాయం ఎర్రబడడం, చీము కనబడితే వైద్యునికి మొదటి మాటగా విదేశంలో చేయించుకొన్న చికిత్సను చెప్పాలి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగక 108కు ఫోను చేయాలి.

అయిదవది కాగితాలు. శస్త్రచికిత్స వివరాలు, ఇచ్చిన మందులు, డిశ్చార్జి పత్రం ఇంగ్లీషులో తెచ్చుకోవాలి. శరీరంలో ఏదైనా అమర్చితే దాని తయారీదారు పేరు, క్రమసంఖ్య ఉన్న కార్డు తప్పనిసరి. ఫ్రాన్సులో పి.ఐ.పి. అనే సంస్థ పరిశ్రమలకు వాడే సిలికోన్‌తో వక్షోజ ఇంప్లాంట్లు చేసినట్టు 2010లో బయటపడినప్పుడు అవి పలు దేశాల మహిళల శరీరాలలో ఉన్నాయి. తనలో ఉన్నది ఆ సంస్థదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది ఆ కార్డే.

డబ్బు విషయంలోనూ భ్రమ కూడదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు తరువాతి పునర్నిర్మాణం వంటివి మినహా సౌందర్య చికిత్సను మన ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా భరించవు. మామూలు ప్రయాణ బీమా కూడా ముందే నిర్ణయించుకొన్న చికిత్సకు, దానివల్ల వచ్చే చిక్కులకు వర్తించదు. అందువల్ల మరోసారి చికిత్స అవసరమైతే కావలసిన సొమ్మును వేరుగా ఉంచుకోలేనివారు యాత్రను వాయిదా వేయడం ఉత్తమం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో ఒక్కరికైనా చెప్పడం. పెళ్లిచూపుల ముందు, ఉద్యోగానికి ముందు రూపాన్ని మార్చుకోదలచినవారు నలుగురి నోళ్లకు జడిసి గుట్టుగా వెళ్తారు. ఆ గుట్టే తరువాత నొప్పిని కూడా దాచిపెట్టిస్తుంది. పెద్దలు సైతం ఎగతాళి చేయకుండా వినాలి. విని, వెంట వెళ్లగలిగితే వెళ్లాలి. బయలుదేరే ముందే ఈ నగరంలో ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసి, తిరిగి వచ్చాక గాయాన్ని చూడటానికి ఒప్పించుకోవాలి. 1900లో లార్డ్ కర్జన్ ప్రారంభించిన విక్టోరియా ఆస్పత్రి ఈ పేటకు కూతవేటు దూరంలోనే ఉంది. అర్ధరాత్రి ఆపద వస్తే అక్కడికి తీసుకువెళ్లే మనిషికి సంగతి ముందే తెలిసి ఉండాలి.

చేసేది ఎవరు, పక్కన ఉండేది ఎవరు, తిరిగి వచ్చాక చూసేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు మూడు పేర్లు కాగితం మీద రాసుకొన్న తరువాతనే టికెట్టు కొనాలి. ఒక్క పేరు ఖాళీగా ఉన్నా ఆ యాత్రకు ఇంకా వేళ కాలేదని తెలుసుకోవాలి.