"చేయబడినది" - ఎవరిచేత?

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



పెన్షను, డి.ఏ. బకాయిల విషయం పెద్దలు ఇంతకు ముందే వివరంగా మాట్లాడారు. నేను ఒక చిన్న క్రియాపదం గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. ఆ పదం "బడు".

చిన్నతనంలో, చూపు ఆనని మా తాతగారికి రోజూ పేపరు చదివి వినిపించడం నా పని. అటక మీద కట్టలు కట్టిన పాత పత్రికలు కూడా దింపించి చదివించేవారు. "సభ జరుపబడెను", "తీర్మానము ఆమోదింపబడెను", "పలువురు నిర్బంధింపబడిరి" - ఏ పుట తిప్పినా ఇదే ధోరణి. తాతగారు మధ్యలో ఆపి "ఎవరిచేతరా?" అనేవారు. పేపర్లో ఉంటే కదా నేను చెప్పడానికి!

అలా రాయడానికి కారణాలు లేకపోలేదు. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. దూరప్రాంతాల వార్తలు తంతి మీద ఇంగ్లీషులో వచ్చేవి. తెల్లవారేలోగా వాటిని తెలుగు చేయాలి. ఇంగ్లీషులో కర్త లేని వాక్యం తెలుగులోకి "బడు"తో దిగేది. పైగా అది గ్రాంథికానికి మర్యాద ఉన్న కాలం. 1910 నాటి పత్రికా చట్టం కింద ప్రభుత్వం ధరావతు కట్టించుకొని, రాత నచ్చకపోతే జప్తు చేయగలిగేది. అలాంటప్పుడు లాఠీ ఎత్తినదెవరో చెప్పకుండా వదిలేయడం క్షేమం అనుకొని ఉంటారని నా ఊహ.

మన ఇళ్ళలో "కనబడు", "నిలబడు", "భయపడు" ఉన్నాయి గాని, "వాడు కొట్టబడ్డాడు" అని ఏ తల్లీ అనదు. "దెబ్బలు తిన్నాడు" అంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడారు. నార్ల వెంకటేశ్వరరావుగారు ఆంధ్రప్రభలోను, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతిలోను వార్తను జనం మాటకు దగ్గర చేశారు. "చేయబడెను" పోయి "చేశారు" వచ్చింది.

పత్రికలు వదిలినా మన ఆఫీసులు వదలలేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక మనం తెలుగులో రాయడం నేర్చుకున్నది ఆ పాత ఫక్కీలోనే. అందులో నేనూ ఒకణ్ణి. గుమస్తాగా చేరిన కొత్తలో, భర్త పోయిన ఒక ముసలమ్మకు కుటుంబ పెన్షను విషయమై జవాబు రాశాను: "తమ ఫైలు వెదకబడినది. కనుగొనబడలేదు." ఆమె ఆ కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరకే వచ్చింది. ఎవరిచేతనో చదివించుకున్నట్టుంది. "ఎవరు వెతికారు నాయనా?" అని అడిగింది.

ఎవరూ వెతకలేదు. నేనూ వెతకలేదు. ముందటి గుమస్తా చెప్పిన మాట నమ్మి సంతకానికి పెట్టాను. ఆ సాయంత్రం రికార్డు రూములో కూర్చుని వెతికితే మూడో రోజుకు వేరే సంవత్సరం కట్టలో ఫైలు దొరికింది. ఆమెకు పెన్షను వచ్చింది. కాని ఆమె నా బల్ల దగ్గరకు రాకపోయి ఉంటే? "బడు" చాటున నా బద్ధకం హాయిగా దాక్కునేది.

ఇప్పుడు "బడు" తగ్గింది. దాని చోట "జరిగింది" వచ్చింది. "నిర్ణయం తీసుకోవడం జరిగింది", "పరిశీలించడం జరుగుతుంది." వేషం మారింది గాని మనిషి ఒకడే. మన అర్జీలకు వచ్చే జవాబులు ఓసారి తీసి చూడండి.

కాబట్టి నా మనవి ఒక్కటే. మన సంఘం ఇచ్చే ప్రతి విజ్ఞాపనలోను, పంపే ప్రతి జ్ఞాపికలోను "ఏ అధికారి, ఏ తేదీన" అని అడుగుదాం. మన మినిట్సు పుస్తకంలో కూడా "చేయబడినది" మాని, చేసినవారి పేరు రాద్దాం. మా తాతగారి ప్రశ్నకు ఇన్నాళ్ళకైనా జవాబు చెప్పినట్లవుతుంది.