పేదరికపు గీతకు అందని గంటలు



మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టడం తిండితో మొదలైంది. పల్లెలో మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నంలో 2100 కావాలని 1979లో నిర్ణయించారు. ఆ తిండి కొనుక్కోగలిగే ఖర్చు దగ్గర గీత గీశారు. 2014లో రంగరాజన్ కమిటీ ఆ పద్ధతిని మార్చి, తలకు రోజుకు పల్లెలో 32 రూపాయలు, పట్నంలో 47 అని తేల్చింది. ఈ గీతలన్నీ బియ్యం దగ్గర ఆగిపోయాయి, అన్నం దాకా రాలేదు. నీళ్లు తెచ్చి, పొయ్యి వెలిగించి, వండి, వడ్డించి, అంట్లు తోమే మనిషి ఇంట్లో ఒకరు ఎప్పుడూ ఖాళీగా ఉంటారని లెక్క వేసినవాళ్లు ముందే అనుకున్నారు. ఆ మనిషి ఎవరో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఈ లోపాన్ని 1977లోనే క్లేర్ వికరీ అనే అమెరికన్ ఆర్థికవేత్త పట్టుకున్నారు. ఇల్లు గడవాలంటే కనీస ఆదాయంతో పాటు కనీస సమయం కూడా ఉండాలని, ఆ రెంటిలో ఏది చాలకపోయినా ఆ కుటుంబం పేదదేనని ఆమె వాదన. పిల్లల్ని ఒంటరిగా సాకే తల్లి జీతం గీత దాటినా, వండుకోవడానికీ బిడ్డను చూసుకోవడానికీ గంటలు మిగలకపోతే ఆమె గట్టెక్కినట్టు కాదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పల్నాడులో మిరపకోతలకు పోయే ఆడకూలీ రోజు చూడండి. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, అన్నం, కూర వండి, పిల్లలకు పెట్టి, క్యారియర్లు కట్టి ఏడింటికల్లా ఆటో ఎక్కాలి. ఆలస్యమైతే ఆటో ఆగదు, ఆ రోజు కూలి పోతుంది. పొద్దంతా నడుం వంచి కాయ కోసిన చేతులు రాత్రికి భగ్గుమంటాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. చంటిబిడ్డ తల్లి బిడ్డ మొహం తాకడానికి జంకుతుంది. ఆ చేతులతోనే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళుతుంది. పగలు తను చేలో ఉండగా కొళాయి వచ్చి పోయి ఉంటే, బిందె పట్టుకుని పక్కింటి గడప తొక్కాలి. భర్తా ఎండలో కష్టపడ్డాడు, కాదనను. కానీ ఇంటికొచ్చాక అతని పని అయిపోతుంది. ఆ నాటి కూలి డబ్బులు ఆ ఇంటిని గీత పైకి చేర్చవచ్చు. చేర్చింది మాత్రం ఆమె నిద్ర మానుకున్న గంటలే.

1998-99లో ఆరు రాష్ట్రాల్లో తొలిసారి ఇలాంటి గంటల లెక్క తీశారు. వాటిలో మన రాష్ట్రం లేదు. దేశమంతటా జరిగిన 2019 సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారని తేలింది. ఆ 97 కూడా అసలు పని ముట్టుకున్న మగవాళ్ల సగటు. వాళ్లు నూటికి 26 మందే. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి. నన్నడిగితే, గ్యాసూ కొళాయీ పనిని కాస్త తేలిక చేశాయేమో గానీ, ఆ పని ఎవరిదన్న మాటను కదపలేదు.

2021లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో గృహిణి శ్రమకు విలువ కట్టింది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో ఈ 2019 అంకెలనే చూపించారు. గొప్ప తీర్పే, కానీ ఆ విలువ చేతికందేది మనిషి పోయాక. తమిళనాడు 2023లో అర్హులైన ఇల్లాళ్లకు నెలకు 1000 రూపాయలు హక్కుగా ఇవ్వడం మొదలుపెట్టింది. అదీ మంచిదే, అయినా డబ్బు ఇచ్చినంత మాత్రాన పని గంటలు తగ్గవు. గంటలు తగ్గించే ఏర్పాట్లు వేరే ఉన్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో అలాంటిది ఒకటి రాశారు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువమందో ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఆ కూలీల్లోంచే ఒకామెను పెట్టాలని, ఆమెకు కూలి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. పిల్లల్ని చూడడం కూలి ఇవ్వవలసిన పనేనని ఒప్పుకున్న చట్టం అది. అంగన్‌వాడీ మాత్రం నేటికీ కూలీల ఆటో ఊరు దాటాకే తలుపు తీస్తుంది.

అందుకే సర్పంచులకూ, డ్వాక్రా సంఘాల నాయకురాళ్లకూ నా విన్నపం. వచ్చే గ్రామసభలో ఈ రెండూ అడిగి రాయించండి: కోతల రోజుల్లో అంగన్‌వాడీ ఆరింటికే తెరవాలి, కొళాయి కూలీలు ఇంట్లో ఉండే వేళకే వదలాలి. ఇంటి మగవాళ్లు చేయవలసినదానికి ఏ జీవో అక్కర్లేదు. వంటా, నీళ్లూ, పిల్లలూ మీ పని కూడా. రేపటి నుంచే మొదలుపెట్టండి.