కోతమిల్లు పెట్టబోయే సభ్యులకు



పాలడబ్బుకు తోడుగా కోతమిల్లు పెట్టాలని మనలో కొందరు అనుకుంటున్నారు. మంచిదే. రైతు దుంగ తెస్తాడు, మనం కోసి కూలి తీసుకుంటాం. కలపకు పెట్టుబడి అక్కరలేదు.

అయితే మిషను కొనకముందే అటవీశాఖ లైసెన్సు సంగతి తేల్చుకుందాం. లైసెన్సు లేని మిల్లులను మూయించాలని 2002 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. గేదెలనమ్మి మిషను తెచ్చాక మిల్లుకు సీలు పడితే పాడీ పోతుంది, మిల్లూ పోతుంది.

గుండ్రటి రంపం ప్రతి కోతకూ 5-6 మి.మీ. కలపను పొట్టు చేస్తుంది. బ్యాండు రంపానికి 2-3 మి.మీ. చాలు. పది కోతలకు అంగుళం పలక మిగులుతుంది.

ఆరిన పొట్టును పశువుల కింద పరచుకోవచ్చు. తడిస్తే వెంటనే తీసివేయాలి, లేకుంటే పొదుగువాపు వస్తుంది.

ముందు లైసెన్సు, తరువాతే అడ్వాన్సు అని మనవి.