గుండె దడకు గూగుల్ జవాబు

పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయంలోనైనా, ఉమ్మడి ఆదిలాబాద్‌లోని బాసర ట్రిపుల్ ఐటీలోనైనా విద్యార్థి చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతుంది. ‘గుండె దడ’ అని వెతికితే గుండెజబ్బుల చిట్టా విచ్చుకుంటుంది. ఉన్న దడకు భయం తోడవుతుంది. ఆ భయంతో మళ్లీ వెతుకుతారు. బాసర పిల్లలైతే పదో తరగతి కాగానే ఇల్లు విడిచి వచ్చినవాళ్లు. ఆ వేళ పక్కన అమ్మ ఉండదు.

నెట్‌లో ఆరోగ్య సమాచారాన్ని వెతికి, మంచిచెడ్డలు తేల్చుకునే నేర్పును కొలవడానికి 2006లో కెనడా పరిశోధకులు నార్మన్, స్కిన్నర్ 8 అంశాల కొలమానం తయారుచేశారు. నెట్‌లో ఏదైనా చూసేటప్పుడు మనం కనీసం మూడు సంగతులు గమనిద్దాం: చెప్పేవారు డాక్టరేనా? ఎప్పటి మాట? చివర్లో ఏదైనా మందు అమ్ముతున్నారా?

అయితే ఎంత మంచి వీడియో అయినా మన మాట వినదు. వినే మనిషి కావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మనసు విప్పి మాట్లాడొచ్చు. నంబరు రాసుకోండి, నెమ్మదిగా చెబుతున్నాను: 1-4-4-1-6.