ఒక్క అంకె చాలదు



నెలాఖరుకి ఇంట్లో మగవారు "ఈ నెల ఇంత ఖర్చయిందేమిటి?" అని ఒక్క అంకె మన ముందు పెడతారు. మనం జవాబు తోచక తెల్లమొహం వేస్తాం. తప్పు మనది కాదు, ఆ ఒక్క అంకెది. ఎలాగో కంప్యూటరు భాష సాయంతో చెప్పుకుందాం.

కెనడాలో పుట్టిన కెనెత్ ఐవర్సన్ అనే గణితజ్ఞుడు 1962లో ఒక పుస్తకం రాశారు. అందులోని గుర్తుల నుంచే ఏపీఎల్ అనే భాష పుట్టింది. 1966 నాటికి ఐబీఎం కంప్యూటర్ల మీద నడిచింది. ఇందులో వరుసల్నీ, పట్టికల్నీ ఒక్కసారిగా లెక్కవేస్తారు. పట్టిక ఎన్ని దిశల్లో సాగుతుందో దాన్ని 'ర్యాంకు' అంటారు. పిల్లల పరీక్ష ర్యాంకు కాదు సుమండీ!

ఒంటరి అంకెకు ఏ దిశా లేదు, ర్యాంకు 0. ఈ రోజు పాలు, కూరలు, కిరాణా ఖర్చులు వరుసగా రాస్తే ర్యాంకు 1. ఏడు రోజులవీ ఒకదాని కింద ఒకటి రాస్తే పట్టిక, ర్యాంకు 2. అందులో 21 అంకెలు. అలాంటి నాలుగు వారాల కాగితాలు దొంతరగా పెడితే ర్యాంకు 3. మొత్తం 84 అంకెలు.

చీటీలో ఒక్క సరుకే రాసినా అది చీటీయే కదా! అలాగే ఒక్క అంకె ఉన్న వరుసకు ర్యాంకు 1, 0 కాదు.

ఇక అసలు సంగతి. వారం పట్టికను అడ్డంగా కూడితే ఏ రోజు ఎంతయిందో 7 అంకెలు వస్తాయి. నిలువుగా కూడితే పాలకెంత, కూరలకెంత అని 3 అంకెలు. ఏపీఎల్‌లో ఈ రెండు కూడికలకూ వేర్వేరు గుర్తులున్నాయి. కూడిన ప్రతిసారీ ఒక దిశ తగ్గిపోతుంది. దొంతరను మూడుసార్లు కూడితే మిగిలేది ఒంటరి అంకె. దానిలోంచి మళ్ళీ పాల ఖర్చు వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పటి భాషలు చాలా దిశల్ని మోస్తాయి. పైథాన్ వాళ్ళు వాడే నంపై 2024 నుంచి 64 దాకా ఒప్పుకుంటుంది. మనకు మూడు చాలు.

కనుక అమ్మలారా, మొత్తం ఒక్కటే రాసి పుస్తకం మూసేయకండి. గీతలు గీసి, రోజువారీగా, పద్దులవారీగా రాసుకోండి. రేపు ఎవరైనా ఒక్క అంకెతో నిలదీస్తే, ఆ పట్టిక వాళ్ళ ముందు పెట్టండి. ఖర్చు ఎక్కడ పెరిగిందో ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.