ఆడెట్టా పాసయ్యాడు, ఇదెట్టా తప్పింది? : పదో తరగతి కాటా ఎవరి చేతిలో ఉంది

నరసరావుపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు పదో తరగతి గురించి చెప్పుకుందాం. మార్కులు తెచ్చుకునే చిట్కాలు మాత్రం చెప్పను, వాటికి ఛానళ్లు బోలెడున్నాయి. టెన్త్ పాస్ అంటే ఏమిటి, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని తనిఖీ చేసేది ఎవరు... ఇదీ ఈరోజు విషయం.

నేను లెక్కల మాస్టారిని. 33 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, గురజాల వైపు కొన్నాళ్లు, మాచర్ల వైపు కొన్నాళ్లు పనిచేసి 2024లో రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నన్ను నిలబెట్టి అడిగిన ప్రశ్న ఒకటుంది. అది ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఏ ఆఫీసరూ అడగలేదు. ఒక తల్లి అడిగింది.

2022 జూన్ 6న టెన్త్ రిజల్ట్స్ వచ్చాయి. మన పల్నాడు జిల్లా ఏర్పడింది ఆ ఏడాది ఏప్రిల్ 4న, పరీక్షలు మొదలైంది ఏప్రిల్ 27న. అంటే కొత్త జిల్లాకి నెల కూడా నిండలేదు. మా స్కూల్లో ఒక అమ్మాయికి లెక్కల్లో 31 వచ్చింది. పాస్ మార్కు 35. మిగతా సబ్జెక్టులన్నీ పాస్. మర్నాడు వాళ్లమ్మ స్కూలుకొచ్చింది. ఆ అమ్మాయి అన్న కూడా నా దగ్గరే చదివాడు, 2019లో పాసయ్యాడు. ఆమె తగాదాకి రాలేదండీ. నిజంగానే అర్థంకాక అడిగింది. "సారూ, ఆడికంటే ఈ పిల్లే నయంగా చదివేది గదా. ఆడెట్టా పాసయ్యాడు, ఇదెట్టా తప్పింది?"

నేను ఏదో చెప్పి పంపించాను. కరోనా అన్నాను, పేపరు కష్టం అన్నాను. అసలు సమాధానం నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సమాధానం ఇప్పుడు చెప్తాను.

2019లో రాష్ట్రంలో టెన్త్ పాసైనవాళ్లు 94.88 శాతం. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు. 2022లో 67.26 శాతం. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాసయ్యారు. అంటే రెండు లక్షలమంది తప్పారు. తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. పేపర్లో ఈ అంకెలు చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఒక ఏడాది పిల్లలు బాగా చదివారు, ఇంకో ఏడాది చదవలేదు అనుకుంటారు. ఇక్కడి పిల్లలు మూడేళ్లలో అంత మొద్దులైపోతారా అండీ?

మారింది లెక్కకట్టే పద్ధతి. 2019 బ్యాచ్‌కి పబ్లిక్ పరీక్ష 80 మార్కులకే. మిగతా 20 మేమే, అంటే ఆ స్కూలు టీచర్లే వేసేవాళ్లం. ప్రాజెక్టులు, నోటు పుస్తకాలు, స్లిప్ టెస్టులు... వాటి లెక్కన ఇంటర్నల్స్. పైగా బిట్ పేపరు విడిగా ఇచ్చేవారు. ఆఖరి అరగంటలో పరీక్ష హాలు ఎలా ఉండేదో ఇన్విజిలేషన్ చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడికి లెక్కల్లో ఇంటర్నల్ నేను ఎంత వేశానో గుర్తుంది. 20కి 18. వాడు చేసిన ప్రాజెక్టు ఏమిటంటే, పక్కవాడి ప్రాజెక్టు మీద అట్ట మార్చి తన పేరు రాసుకోవడం. నాకు తెలుసు. అయినా 18 వేశాను. నేను వెయ్యకపోతే పక్క ఊరి ప్రైవేటు స్కూల్లో 20కి 20 పడుతున్నాయి, నా పిల్లలు ఎందుకు నష్టపోవాలి అనుకున్నాను. అందరు టీచర్లూ అలాగే అనుకున్నారు. తనిఖీకి వేరే స్కూళ్ల టీచర్ల బృందాలు వచ్చేవి. వాళ్లు రికార్డులు చూసేవాళ్లు. రికార్డులు బ్రహ్మాండంగా ఉండేవి.

ప్రైవేటు వాళ్లు ఇంటర్నల్స్ గుడ్డిగా వేసుకుంటున్నారని 2019లోనే ప్రభుత్వం ఆ 20 మార్కులు తీసేసింది. బిట్ పేపరూ పోయింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ కొత్త పద్ధతిలో పూర్తిగా పరీక్ష రాసిన మొదటి బ్యాచ్ ఏది? 2022 బ్యాచ్. ఎనిమిదో తరగతి చివర్లో లాక్‌డౌన్, తొమ్మిది సగం సగం, ఫోన్‌లో పాఠాలు. ఆ తల్లి దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. పదో తరగతిలో జనవరి వచ్చేసరికి మిరపకోతలు. పల్నాట్లో పనిచేసిన ఏ టీచరునైనా అడగండి, మిరపకాయ ఎర్రబడిందంటే హాజరు పట్టీలో ఆబ్సెంట్లు ఎక్కడివక్కడ పెరుగుతాయి. పత్తితీతలప్పుడూ అంతే. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల వైపు మరీ. పరీక్షలేమో మార్చిలో. మిరపకోతలు, ప్రిపరేషన్, ప్రీ-ఫైనల్ అన్నీ ఒకే నెలల్లో పడతాయి. ఈ క్యాలెండరు తయారు చేసేవాళ్లు ఎప్పుడైనా ఫిబ్రవరిలో ఇటు వచ్చి చూశారా అని నా అనుమానం.

కాబట్టి ఆ అన్నాచెల్లెళ్లకు లెక్కల్లో ఆగిపోయింది ఒకే చోట. భిన్నాలు. మూడులో నాలుగోవంతు అంటే ఇద్దరికీ రాదు. ఆరో తరగతిలోనే ఆగిపోయింది అది. అన్నకి మా 18 మార్కులు దాన్ని కప్పేశాయి. చెల్లెలికి కప్పేవి లేవు. ఆ అన్న ఏం బాగుపడ్డాడు? ఇంటర్ ఎంపీసీలో చేరాడు, ఫస్టియర్‌లో లెక్కలు పోయాయి, మానేశాడు. ఇప్పుడు పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర లోడింగు పని. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అన్యాయం చేశామో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

మిరపకాయలు యార్డుకి తీసుకెళ్లిన రైతు మొదట చూసేది కాటా ఎవరిది అని. మన చదువుల్లో ఏం జరుగుతుందో చూడండి. ప్రభుత్వ బడి నడిపేది ప్రభుత్వం. టీచరుకి జీతం ఇచ్చేది ప్రభుత్వం. పుస్తకం ఖరారు చేసేది ప్రభుత్వం. పేపరు తయారుచేసి, పరీక్ష పెట్టి, దిద్దించి, ఫలితం ప్రకటించేది ప్రభుత్వ పరీక్షల విభాగం. పాస్ మార్కు 35 అనేదీ, హిందీకి 20 అనేదీ ప్రభుత్వమే. శాతం పెరిగితే మా పాలన గొప్పదంటారు, తగ్గితే ముందటి ప్రభుత్వం తప్పు అంటారు. 2022లో పడిపోయినప్పుడు ఏం చేశారో గుర్తుందా? జులైలో సప్లిమెంటరీ పెట్టి, అందులో పాసైనవాళ్లను కూడా రెగ్యులర్‌గానే లెక్కిస్తామన్నారు. పిల్లలకు మేలే, కాదనను. కానీ కాటా ముల్లు ఎంత తేలిగ్గా జరుగుతుందో చూడండి.

దిద్దేదగ్గర సంగతి 2025లో బయటపడింది. రీవెరిఫికేషన్‌కి వచ్చిన జవాబు పత్రాలు 66 వేల పైచిలుకు. అందులో 11 వేలకు పైగా పత్రాల్లో మార్కులు మారాయి. ఫెయిలని వచ్చిన అమ్మాయికి తొంభై పైన మార్కులు తేలిన సందర్భం పేపర్లో చదివారు కదా. నేనూ స్పాట్ వాల్యుయేషన్‌కి ఎన్నో ఏళ్లు వెళ్లాను, ఎండాకాలం, రేకుల షెడ్లు, రోజుకి ఇన్ని పేపర్లని లెక్క. తప్పులు జరుగుతాయి. నా బాధ అది కాదు. రీవెరిఫికేషన్‌కి ఒక సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు. మిరపకోతల్లో ఒక మనిషికి రెండు మూడు రోజుల కూలి. 31 వచ్చిన నా స్టూడెంట్ పేపరు 2022లో ఎవరూ మళ్లీ చూడలేదు. అందులో నాలుగు మార్కులు ఉన్నాయో లేవో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలి.

మరి వేరే కాటా లేదా? ఉంది. 2021 నవంబరులో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే జరిగింది. 2024 డిసెంబర్ 4న పరఖ్ సర్వే చేశారు, 3, 6, 9 తరగతులకు. కొన్ని బడుల్ని ఎంచుకుని, పిల్లలకు నిజంగా ఏమొచ్చో చూసే పని అది. ఎవరినీ ఫెయిల్ చెయ్యరు. మంచి పనే. కానీ దాని ఫలితం జిల్లాకు ఇంత అని రిపోర్టుగా వస్తుంది, విజయవాడలో మీటింగు జరుగుతుంది. మాచర్ల పక్కన ఊళ్లో తల్లికి తన బిడ్డకు భిన్నాలు రావని ఎవరూ చెప్పరు. ఆమెకు ఆ కబురు తెలిసేది పదో తరగతి రిజల్ట్ నాడే. నాలుగేళ్లు ఆలస్యంగా.

మా చిన్నప్పుడు ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది, అదే మళ్లీ పెట్టండి అంటారు కొందరు మిత్రులు. నేను ఒప్పుకోను. ఏడులో తప్పి గేదెల వెంట పోయినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా బోర్డు పరీక్ష పాసవ్వాలని పెట్టొద్దంది, సరైనదే. కానీ పిల్లాడికి ఏం వచ్చో చూడొద్దని ఆ చట్టం ఎక్కడా అనలేదు. మనమే ఆ రెండూ ఒకటి చేసుకున్నాం.

నాకు కావాల్సింది చిన్నది. ఆరో తరగతి చివర, ఎనిమిది చివర, పక్క మండలం టీచరు వచ్చి ప్రతి పిల్లనీ కూర్చోబెట్టి ఒక పేరా చదివించి, ఓ పది లెక్కలు చేయించి, ఒక్క కాగితం మీద తెలుగులో రాసి తల్లి చేతికి ఇవ్వాలి. మార్కు వద్దు, గ్రేడు వద్దు. "మీ అమ్మాయికి భాగహారం వచ్చు, భిన్నాలు రావు" అని రాస్తే చాలు. ఆ కాగితం మీద హెడ్మాస్టరునీ, ఎంఈఓనీ నిలదీయకూడదు. నిలదీశారా, మర్నాటినుంచి అందరికీ భిన్నాలు వచ్చేస్తాయి, నేను 18 మార్కులు వేసినట్టే. ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎంఈఓలున్నారు. యాప్‌లో ఫోటోలు పెట్టించే టైములో సగం దీనికి పెడితే అయిపోయే పని. మన జిల్లాలోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లకు 2025లో 600కి 598 వచ్చాయి, అందరం గర్వపడ్డాం. ఆ బెంచీకి రెండు బెంచీల వెనక కూర్చున్నవాళ్ల గురించే నేను మాట్లాడేది.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. 2022 సప్లిమెంటరీకి హాల్‌టికెట్ తెప్పించి పెట్టాను, రాలేదు. తలెత్తుకోలేకపోతుంది అన్నది వాళ్లమ్మ. ఆ ఏడు పత్తికి, మిరపకు పోయింది. మర్సటేడు పెళ్లి చేశారు. వయసు నేను చెప్పను, లెక్క మీరే వేసుకోండి. పోయిన నెల నరసరావుపేట బస్టాండులో కనిపించింది, చంకలో పిల్లాడు. నన్ను చూసి దాక్కోబోయింది. పలకరించాను. ఊళ్లో ఏ చిన్న ఉద్యోగం పడ్డా టెన్త్ పాసా అని అడుగుతున్నారు సార్ అంది. నీకు కావాల్సింది లెక్కలు ఒక్కటే గదమ్మా, మిగతావన్నీ పాసయ్యావుగా అన్నాను. ఆ సంగతి ఆ పిల్లకు ఇన్నేళ్లూ తెలియదండీ. మొత్తం మళ్లీ చదవాలనుకుంది.

మీ ఊళ్లోనూ ఇలా ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగినవాళ్లు ఉంటారు. వాళ్లు చదివిన హైస్కూలుకే వెళ్లి, తప్పిన సబ్జెక్టుకు ప్రైవేటుగా ఫీజు కట్టొచ్చు. మార్చి పరీక్షలకు ఫీజులు చలికాలం మొదట్లో కట్టించుకుంటారు, దసరా అయ్యాక ఒకసారి స్కూల్లో కనుక్కోండి. పాత మార్కుల మెమో, హాల్‌టికెట్ నంబరు వెతికిపెట్టుకోండి. సిలబస్ మారింది కాబట్టి పాత పేపరా కొత్త పేపరా అని తప్పకుండా అడగండి. అసలు బడికే దూరమైనవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది, దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.