భూటాన్ వెళ్ళే దారులు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము భూటాన్ వెళ్ళివచ్చామని తెలిసినప్పటి నుంచి మన సభ్యులు చాలామంది "ఎలా వెళ్ళారు? ఏ కాగితాలు కావాలి?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. కనుక చూసిన వింతలు అలా ఉంచి, ప్రయాణం సంగతే మనవి చేస్తాను.

భూటాన్ మన పొరుగుదేశమే అయినా ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. 1974 దాకా విదేశీ యాత్రికులకు తలుపే తీయలేదు. 1958లో నెహ్రూ గారు వెళ్ళినప్పుడు మోటారు రోడ్డు కూడా లేదు. ఆయన సిక్కిం నుంచి నాథూలా కనుమ దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా కొండదారుల్లో పారో చేరారు. 1961లో మన సరిహద్దు రోడ్ల సంస్థ 'దంతక్' పేరుతో పని మొదలుపెట్టి, ఫుంట్‌షోలింగ్ నుంచి పైకి రోడ్డు వేసింది. మన బోటివాళ్ళకు ఈనాటికీ అదే రాజమార్గం.

ఆ దేశంలో రైలు లేదు. కోక్రాఝార్ నుంచి గెలెఫూకు 69 కిలోమీటర్లు, బనర్‌హాట్ నుంచి సామ్‌త్సేకు 20 కిలోమీటర్లు లైన్లు వేస్తామని 2025 సెప్టెంబరులో మన ప్రభుత్వం ప్రకటించింది. అంతవరకు న్యూ జల్పాయ్‌గురిలోనో, సరిహద్దుకు దగ్గరగా ఉన్న హాసిమారాలోనో రైలు దిగి, టాక్సీలో జైగావ్ చేరాలి. జైగావ్ మనది, గేటు దాటితే ఫుంట్‌షోలింగ్ వాళ్ళది. గడియారం అరగంట ముందుకు తిప్పుకోవాలి. ఆఫీసులు వాళ్ళ టైము ప్రకారమే మూస్తారు.

విమానంలో వెళ్ళేవారు కలకత్తా నుంచో ఢిల్లీ నుంచో పారోలో దిగవచ్చు. పారో దాదాపు 7,300 అడుగుల ఎత్తున, కొండల మధ్య ఇరుకు లోయలో ఉంది. అక్కడ విమానం దింపడానికి ప్రత్యేక శిక్షణ ఉన్న పైలట్లు కొద్దిమందే. మబ్బు కమ్మితే ఆలస్యం తప్పదు. అందుచేత తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి. రోడ్డు మీద అయితే థింపూకు అయిదారు గంటలు పడుతుంది, మలుపులు ఎక్కువ. కడుపులో తిప్పేవారు ముందు సీటు అడగండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ఏ దారిన వెళ్ళినా ముందు డాక్టరు గారికి చూపించుకోండి.

ఇక అసలు సంగతి. భారతీయులకు వీసా లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చూపి, అనుమతి పత్రం తీసుకోవాలి. 2022లో మనకు రాత్రికి 1200 రూపాయల రుసుము పెట్టారు. ఇతర విదేశీయుల్లో చాలామందికి 2023 సెప్టెంబరు నుంచి రాత్రికి 100 డాలర్లు. వీసా కూడా కావాలి.

మా అబ్బాయి అమెరికా పౌరుడు. పుట్టింది విజయవాడలో, చేతిలో ఓసీఐ కార్డు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ కార్డు మన దేశంలోనే చెల్లుతుంది. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "మీ ఇద్దరూ వెళ్ళవచ్చు, ఆయనకు వీసా రావాలి" అని. నలభై ఏళ్ళు ఆఫీసులో ఇతరుల కాగితాలు సరిచూసినవాణ్ణి, సొంత కొడుకువి చూసుకోలేదు. పొరపాటు నాదే.

"మీరు వెళ్ళండి నాన్నా, నేను వెనక వస్తాను" అన్నాడు వాడు. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "వాడు లేకుండా నేను గేటు దాటను" అంది. ఆ రాత్రే దరఖాస్తు పెట్టాం. నాలుగు రోజులు జైగావ్ లాడ్జిలోనే గడిచాయి. వాడి సెలవులో మిగిలింది రెండు రాత్రులే. థింపూ చూసి, పారో దూరం నుంచి చూసి వచ్చేశాం.

కాబట్టి మిత్రులారా, పిల్లలు విదేశాల్లో ఉన్నవారు టికెట్టు కొనేముందే ఇంటిల్లిపాది పాస్‌పోర్టులు బల్ల మీద పరిచి చూడండి. ఎవరిది ఏ దేశమో రాసుకోండి. వీసా చేతికొచ్చాకే రైలా, విమానమా అన్న ఆలోచన. రుసుములు మారుతుంటాయి కనుక బయలుదేరేముందు మరోసారి కనుక్కోండి.

ఆ నాలుగు రోజులు దండగ అయ్యాయని నేను ఇప్పటికీ నొచ్చుకుంటాను. మా ఇంటావిడ మాత్రం అలా అనదు. "పదేళ్ళలో వాడు నాలుగు రోజులు కదలకుండా నా ఎదుట కూర్చున్నది అక్కడే" అంటుంది.